అట్టపెట్టెపై వాట్లు

నేడు మన పట్టణములలో ఏ బజారునకు బోయినను కొన్ని వందల రూపాయలకు పాడెడు పెట్టె దొరకును. వేయి రూపాయల లోపుగనే తీగలేని ఇయర్‌ఫోనులు దొరకును. కొన్ని వేలు చేత నున్నవాడు గోడమీద సినిమా చూపు ప్రొజెక్టరును సంచిలో వేసికొని యింటికి రాగలడు. ఒకప్పుడు ఊరికొక రేడియో యుండి, దానిచుట్టు పదిమందియు జేరి వినెడివారు; ఇప్పుడు కూలిపని చేయువాని జేబులోను పాట యున్నది. ఇది మెచ్చదగిన మార్పే. సంగీతము కలవారి మేడలు దిగి వచ్చుటకు మేము సంతసించుచున్నాము. చౌకను నిందించుటకు మేమీ కలమును పట్టలేదు. చౌకవస్తువు బీదవాని వస్తువు. దానిని వెక్కిరించువాడు బీదవానిని వెక్కిరించినవాడే. మేము నిందించునది చౌకతోపాటు అంటగట్టబడుచున్న అసత్యమును. అంతకంటె నెక్కువగా, ఆ యసత్యమును ఒకమాఱైనను పరీక్షింపక తలయూచి కొనుచున్న మన చదువుకొన్నవారి యుదాసీనతను.

కుండ కొనునపుడు మన యాడువారు వ్రేలితో కొట్టి మ్రోత విని కొందురు. చింతపండును నోట వేసికొని చూతురు. బియ్యమును అఱచేతిలో పోసికొని నలిపి చూతురు. పట్టుచీర అంచునుండి పోగు లాగి, వెలిగించి, వాసన చూచువారును గలరు. పదిరూపాయల బేరములో నింత జాగరూకత గల మన యిండ్లు అట్టపెట్టె యెదుట నేల మూగవోవుచున్నవి? పెట్టెపై ఇంగ్లీషక్షరములును పెద్ద యంకెలును అచ్చుపడి యున్నందుననా? అచ్చుపడిన దంతయు సత్యమని నమ్ముట చదువునకు లక్షణమా?

ఒక లెక్క చేసి చూతము. దీనికి కాలేజీ చదువక్కఱలేదు. గుణకారము, భాగహారము వచ్చిన చాలును. పెట్టెపై 60 వాట్లని యచ్చువేసి యున్నదనుకొందము. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది, 1200 మిల్లీ ఆంపియర్ గంటలది. ఈ రెంటిని గుణించి లెక్కకట్టిన 4.44 వాట్ గంటల శక్తి తేలును. ఆ పెట్టె నిజముగా 60 వాట్లు వెలువరించుచో ఆ శక్తి నాలుగున్నర నిమిషములలో అడుగంటవలెను. కాని ఆ పెట్టెపైననే, ఆ యంకె ప్రక్కనే, ఆరుగంటలు పాడునని వ్రాసియుందురు! 4.44ను ఆఱుచే భాగించిన వచ్చునది 0.74 వాట్టు. ఒకే అట్టపై నున్న రెండు మాటలలో నొకటి రెండవదానిని అబద్ధమని సాక్ష్యమిచ్చుచున్నది. అంతేకాదు, 3.7 వోల్టుల వద్ద 60 వాట్లు రావలెనన్న 16 ఆంపియర్లకు పైబడిన ప్రవాహము కావలెను. ఆ చిన్న బ్యాటరీకిని, వెండ్రుకల వంటి యా తీగలకును అంత ప్రవాహమును మోయు శక్తి యెక్కడిది? తొట్టిలో చెంబెడు నీరు పోసి, ఏనుగు స్నానమాడినదని చెప్పినట్లున్నది.

మూత విప్పి చూచిన మఱియొక సత్యము బయల్పడును. ఇట్టి పెట్టెలలో తఱచుగా కానవచ్చు చిప్పులలో పీఏఎం 8403 అనునది యొకటి. దానిని చేసినవారు దాని గుణపత్రములో స్పష్టముగా వ్రాసిరి: 5 వోల్టుల వద్ద, 4 ఓముల స్పీకరుపై, ఒక్కొక్క ప్రక్కకు 3 వాట్లు, అదియు ధ్వని నూటికి 10 పాళ్లు చెడుటకు మన మొప్పుకొన్న పిమ్మట. ఆ చిప్పు అబద్ధమాడలేదు. దాని వెలకు అది మంచి పనివాడే. అబద్ధము పుట్టినది అట్టను అచ్చువేసిన చోట. వెనుకటి దినములలో టేప్‌రికార్డర్లపై పీఎంపీఓ యను నాలుగక్షరముల మంత్రమును వ్రాసి, దాని ప్రక్కన వందలును వేలును వాట్లు చెక్కెడివారు. ఆ కొలతకు అందఱు నంగీకరించిన పద్ధతి యనునది లేనేలేదు. ఎవనికి తోచిన యంకెను వాడు వ్రాసికొనవచ్చును. ఆ మంత్రము నేటికిని చావలేదు. బ్యాటరీలలోను ఇదే కథ. 18650 అను పరిమాణపు సెల్లును పేరుగల కర్మాగారములు శ్రద్ధతో చేసినను 3500 మిల్లీ ఆంపియర్ గంటల ప్రాంతముననే నిలుచుచున్నది. బజారులో దానిపై 9900 అని ముద్రవేసి అమ్ముచున్నారు. అమ్మువానికి సిగ్గులేదు, కొనువానికి కొలబద్ద లేదు.

ఇది మన దేశపు వర్తకులకే పుట్టిన జాడ్యమని మేము చెప్పము. వర్తకమున్న చోటనెల్ల నిది కలదు. అమెరికాలోను యాంప్లిఫయర్ల వాట్ల విషయమున నిట్టి యతిశయోక్తులే చెలరేగగా, 1974లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ గృహోపయోగ యాంప్లిఫయర్ల శక్తిని ఎడతెగక యిచ్చు వాట్లలోనే చెప్పవలెనని నిబంధన చేసినది. 2024లో ఆ నిబంధనను సవరించి, కొలుచు పరిస్థితులుకూడ నందఱికి నొక్కతీరుగనే యుండునట్లు కట్టుదిట్టము చేసినది. ఆ దేశపు వర్తకుడు మనవానికంటె ధర్మాత్ముడు గాడు. అచ్చట కొలిచి చూచువారుండిరి. కొలిచినది చెప్పిన వినువారుండిరి. అంతే భేదము.

ప్రొజెక్టరు సంగతి చూతము. పెట్టెపై 9000 ల్యూమెనులని యుండును. ‘4కే’ యని యుండును. ఈ రెంటిని మన పడమటింటి గోడమీదనే పరీక్షింపవచ్చును. గది చీకటి చేసి, తెరపై తెల్లని వెలుగును నింపి, ఆ తెరను నిలువున మూడు, అడ్డమున మూడు చొప్పున తొమ్మిది గడులుగా తలపోసి, ఒక్కొక్క గడి నడుమ వెలుగును లక్సులలో కొలిచి, సగటు కట్టి, తెర వైశాల్యముచే గుణించిన ల్యూమెనులు తేలును. 1.6 మీటర్ల వెడల్పు, 0.9 మీటరు ఎత్తు గల తెర వైశాల్యము 1.44 చదరపు మీటర్లు. సగటు 100 లక్సులైనచో వచ్చునది 144 ల్యూమెనులు. చేతిఫోనులోని వెలుగుకొలత సూక్ష్మమైనది కాదని కొంద ఱందురు. నిజమే. కాని 144కును 9000కును నడుమ నున్న యగాధమును కనుగొనుటకు సూక్ష్మమైన త్రాసు అక్కఱలేదు. ఇక ‘4కే’ యను మాట. చిన్న యక్షరములలో వెదకిన, దాని ప్రక్కనే ‘సపోర్ట్’ అని యుండును. అనగా ఆ పరిమాణపు చిత్రమును లోనికి తీసికొనునే గాని, చూపునది తన యల్పమైన పలకపైననే. ఒక నల్లగీత, ఒక తెల్లగీత చొప్పున ఒక్కొక్క బిందువు వెడల్పున గీతలు నిండిన చిత్రమును దానిపై ఆడింపుడు. పలకలో నిజముగా నన్ని బిందువులున్నచో గీతలు విడివిడిగా కనబడును. లేనిచో బూడిదరంగు మసక కనబడును. ఆ మసకయే ఆ వర్తకుని ముఖచిత్రము.

వాట్లలోను వెలుగులోను మోసపోయిన పోవునది ధనము. టీవీకి తగిలించు చౌకపెట్టెలలో కొన్నింటివలన పోవునది యింటి గుట్టు. 2024 డిసెంబరులో జర్మనీ దేశపు సమాచారభద్రతా శాఖ, కొనునాటికే లోపల దొంగ ప్రోగ్రాము చేరియున్న యంత్రములను 30,000 వఱకు కనుగొని, అవి తమ యజమానులైన నేరగాండ్రతో మాటలాడు మార్గమును తెంచివేసినది. వానిలో చిత్రపటపు చట్రములును, వీడియో పెట్టెలును గలవు. 2025 జూనులో అమెరికా ఎఫ్‌బీఐ యును ఇట్టి పెట్టెలనుగూర్చి ప్రజలను బహిరంగముగ హెచ్చరించినది. ఇంటిలో పిల్లలు బొమ్మల సినిమా చూచుచుండగా, ఆ యింటి యింటర్నెట్టు దారిని నేరగాండ్రు అద్దెకిచ్చుకొనుచుందురు. పోలీసులు జాడ పట్టిన నా జాడ మన గడపకే వచ్చును. సెట్టింగులు చెఱిపి మొదటినుండి యారంభించినను ఈ తెవులు పోదు. ఏలయన నది మూలపు ప్రోగ్రాములోనే యున్నది. పెట్టె యొప్పుకొన్నచో దాని ప్రోగ్రామును తీసివేసి, లిబ్రెఎలెక్ వంటి స్వేచ్ఛాప్రోగ్రామును ఎక్కింపవచ్చును. ఒప్పుకొననిచో ఇంటర్నెట్టునుండి విడదీసి, పెన్‌డ్రైవునుండి మాత్రమే నడుపవలెను. ఈ జ్ఞానము లేని గృహస్థుడు దొంగను పెండ్లికి పిలిచి పీట వేసినవాడగుచున్నాడు.

పరీక్ష యొక సగమైన, దిద్దుబాటు రెండవ సగము. చౌకవస్తువులోని లోపములలో పెక్కింటికి మందు మన యింటిలోనే యున్నది. రెండు స్పీకర్ల పెట్టెలో నొకదాని తీగలు తలక్రిందుగా కలుపబడిన, ఒకటి ముందుకు త్రోయగా రెండవది వెనుకకు లాగి, మద్దెల మ్రోత మ్రింగబడును. 1.5 వోల్టుల టార్చి సెల్లును స్పీకరు తీగలకు క్షణమాత్రము తాకించిన, కాగితపు కోను వెలుపలికి వచ్చునో లోపలికి పోవునో తెలియును. ఒకదాని తీగలు మార్చిన రోగము కుదురును. పెట్టె అతుకులలో సందులున్న వెనుకధ్వని బయటికి కాఱి ముందుధ్వనిని చంపును. ఆ సందులను నురుగుపట్టీతో మూసి, లోపల గుప్పెడు దూది పఱచిన, బోలుమ్రోత తగ్గి మాట స్పష్టమగును. ఇయర్‌ఫోను చచ్చినదని పారవేయుదురు. చూడబోయిన తెగినది కొస పిన్ను వద్ద తీగ మాత్రమే. కొత్త పిన్ను వెల కొద్ది రూపాయలు. కంపెనీ వదలివేసిన పాత పాటల యంత్రములకు కొత్తప్రాణము పోయుటకై 2001లో కొంద ఱౌత్సాహికులు రాక్‌బాక్స్ అను ప్రోగ్రామును ఆరంభించి, పెక్కు యంత్రముల కుచితముగ నిచ్చిరి. ఇవి యన్నియు జీతము లేక, ఆజ్ఞ లేక, భోజనపు బల్లమీద జరిగిన పనులే.

ఇందుకు మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది: “మూడువందల వస్తువు; పాడైన పారవైచి మఱియొకటి కొందుము; దీనికింత శ్రమ యేల?” ఈ మాట యనువారికి మూడువందలు లెక్కలేకపోవచ్చును. కాని పారవేసినది ఎచ్చటికి పోవుచున్నది? 2022లో ప్రపంచమున పోగుపడిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు; అందు సక్రమముగ సేకరింపబడి శుద్ధి చేయబడినట్లు లెక్క కెక్కినది 22.3 శాతము మాత్రమే. మిగిలిన దానిలో నెంతయో బీదవాడల పొయ్యిలలో కాలి, సీసపు పొగయై, పసిబిడ్డల యూపిరిలో చేరుచున్నది. మనకు చౌకయైనది వారికి చౌక కాదు.

రెండవది: “ఇది ప్రమాదము.” ఈ యాక్షేపణను మేము గౌరవింతుము, ఏలయన నిందు సత్యము గలదు. గోడప్లగ్గునకు తగులు 230 వోల్టులు అడాప్టరులోని కండెన్సరున 325 వోల్టుల వఱకు నిలువయగును. ప్లగ్గు పెఱికిన పిదపను కొంతకాల మందు పొంచియుండును. ఉబ్బిన లిథియం బ్యాటరీని పొడిచినను, వంచినను, దానిపై టంకము పెట్టినను నిప్పంటుకొనును. కావున బ్యాటరీతో నడుచు చిన్న వస్తువులతోనే యారంభింపవలెను. ప్లగ్గున కంటుకొను భాగమును నేర్చినవాని ప్రక్కన గాక తాకరాదు. పిల్లల నొంటరిగా వదలరాదు. అడాప్టరుపై నున్న బీఐఎస్ నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి సరిచూచిన పిమ్మటనే దానిని గోడకు తగిలింపవలెను. కాని నిప్పు కాల్చునని పొయ్యి ముట్టింపక మానిన యిల్లు గలదా? ప్రమాదమునకు మందు నేర్పుటయే గాని మూత బిగించుట గాదు. తెలియనివాని చేతిలో నాసిరకపు అడాప్టరు రాత్రియంతయు తలగడ ప్రక్కన వేడెక్కుచుండుట ప్రమాదము కాదా?

మూడవది బయటికి చెప్పబడదు, మనస్సులో నుండును. “మరమేకులు విప్పుట మన పనియా? అది మెకానిక్కు పని.” పట్టములు పొందినవారు స్క్రూడ్రైవరును తాకుటకు సిగ్గుపడుచున్నారు. వీథిచివర చిన్నబంకులో టంకపు పొగ పీల్చుచు, ఏ పుస్తకమును లేక వేలకొలది సర్క్యూట్లను కంఠస్థము చేసిన మెకానిక్కును “వాడు” అనుచున్నారు. ఆయన విద్య కనుమఱుగగుచున్నది. కుఱ్ఱవాండ్రు దానికి రాకున్నారు. వచ్చినను మూతలు జిగురుతో అతికింపబడి యున్నవి. హైదరాబాదు కోఠిలోని గుజరాతీగల్లీలోను, చెన్నపట్టణపు రిచీ వీథిలోను విడిభాగములు నేటికిని రాశులుగ దొరకుచున్నవి. కొఱత భాగములకు గాదు, చేతులకు.

మన పెద్దలలో చేతిపనిని చిన్నచూపు చూడనివారు లేకపోలేదు. జగదీశచంద్ర వసుగారు 1895లో కలకత్తాలో తాము కూర్చిన యుపకరణములతో విద్యుత్తరంగములను గోడల నడుమనుండి పంపి గంట మ్రోగించిరి. ఆ తరంగముల దిశను త్రిప్పుటకు వారు వాడిన సాధనములలో మెలిత్రిప్పిన జనపనార కట్టలుకూడ నుండెను. గలీనా రాతితో వారు చేసిన తరంగగ్రాహకమునకు 1904లో అమెరికా పేటెంటు లభించినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు, 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఈసీఐఎల్ సంస్థకు సారథ్యము వహించిరి. ఆ సంస్థ చేసిన ఈసీ టీవీలు ఎన్నియో యిండ్లలో వెలిగినవి. జనపనారలో ప్రయోగశాలను చూచిన కన్నుల వారసులము మనము, జిగురంటించిన మూతను చూచి నమస్కరించుచున్నాము.

మఱియొక సంగతి మన మఱచితిమి. 1929లో అఖిలభారత చరఖా సంఘము మేలైన రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటించినది. అందలి షరతులను నేడు చదివిన నాశ్చర్యము కలుగును. వెల 150 రూపాయలకు మించరాదు. సకాలమున సంరక్షించిన నిరువదియేండ్లు ఆగక పనిచేయవలెను. ఏటేట మార్చవలసిన భాగముల ఖర్చు యంత్రపు వెలలో 5 శాతము దాటరాదు. కొనువానికి వెల యొక్కటియే గాక ఆయుర్దాయమును, మరమ్మతు ఖర్చును ముందే తెలియవలెనని ఆనాడే పట్టుబట్టిరి. ఫ్రాన్సు దేశము 2021 జనవరి 1నుండి టీవీలు మున్నగువానిపై మరమ్మతు సూచికను అచ్చువేయింప నారంభించినదని మన పండితులు మెచ్చుకొనుచున్నారు. మెచ్చుకొనవలసినదే, కాని ఆ యూహ మన రాట్నపు ఆకులలో తొంబదియేండ్ల క్రిందటనే తిరిగినది.

మన ప్రభుత్వమును నిద్రపోవుచున్నదని మేము చెప్పము. 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారముల శాఖ ‘మరమ్మతు హక్కు’పై సంఘమును నియమించినది, ఆ యేడు డిసెంబరులో దానికై యొక పోర్టలును తెఱచినది. మొబైలు, ఎలక్ట్రానిక్ వస్తువుల మరమ్మతు సూచికపై నియమింపబడిన సంఘము 2025 మే నెలలో నివేదిక సమర్పించినది. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనము ప్రకారము, 2027 ఫిబ్రవరి 18నుండి చిన్న యంత్రముల బ్యాటరీలు కొనినవాడే తీసి మార్చుకొనునట్లుండవలెను. కాని నివేదికలు వేలరూపాయల ఫోనుల చుట్టే తిరిగిన ప్రయోజనము కొంచెము. మూడువందల పాటపెట్టె కొనువాడును పౌరుడే. కావున మేము కోరున దిది: ఎడతెగక యిచ్చు వాట్లు తప్ప వేఱు వాట్లు అట్టపై నుండరాదు. ప్రొజెక్టరుపై దాని పలకలోని నిజమైన బిందువుల సంఖ్య పెద్దయక్షరములలో నుండవలెను. బ్యాటరీ జిగురుతో గాక మరమేకులతో బిగింపబడవలెను. పాత వాల్వు రేడియోలలో పెక్కింటి వెనుక తీగల పటము అంటింపబడి యుండెడిది. అట్టి పటము ప్రతి పెట్టెతోడను రావలెను. ఇందేదియు కంపెనీలను దివాలా తీయించు కోరిక గాదు. నిజము చెప్పుటకు అచ్చుఖర్చు అబద్ధము చెప్పుటకైనంతయే.

శాసనము వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండనక్కఱలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వఱకును, మఱల చేసినచో 50 లక్షల వఱకును దండన విధించుట కధికార మిచ్చుచున్నది. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఎవరైనను ఫిర్యాదు చేయవచ్చును. కాని కొలత లేని ఫిర్యాదు గాలిమాట. “ధ్వని చాలలేదు” అన్న నవ్వుదురు. “60 అని వ్రాసిరి, కొలువగా 3 వచ్చినది, ఇదిగో పట్టిక” అన్న జవాబు చెప్పవలసి వచ్చును.

ఆ పట్టికలు ఎచ్చట తయారు కావలెను? మన గ్రంథాలయములలో. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. ఆనాటివారు వార్తాపత్రికను అందఱి సొత్తు చేసి, ప్రభుత్వపు ప్రకటనలను ప్రశ్నించుట నేర్పిరి. నేటి గ్రంథాలయము వర్తకుని ప్రకటనలను ప్రశ్నించుట నేర్పవలెను. ఒక మూల నొక బల్ల; దానిపై నొక మల్టీమీటరు, ఒక యూఎస్‌బీ మీటరు, స్క్రూడ్రైవర్ల పెట్టె, టంకపు సామాను, ఒక పట్టిక పుస్తకము. ఇవి యన్నియు కలిపిన కొన్ని వేల రూపాయలకు మించవు. ఏటి వార్షికోత్సవపు పూలదండలకంటె నెక్కువ కావు. ఆదివారమునాడు ఊరి మెకానిక్కును సగౌరవముగ పిలిచి, కుర్చీ వేసి, తగిన పారితోషిక మిచ్చి, పిల్లలకు పాఠము చెప్పింపుడు. ఊరివారు కొన్న ప్రతి పెట్టెయు ఆ బల్లమీద కొలువబడి, పెట్టెపై యంకె యొక గడిలోను, కొలిచిన యంకె మఱియొక గడిలోను వ్రాయబడనిండు. ఆ పుస్తకమును గోడకు వ్రేలాడదీయుడు. నెల తిరుగకముందే బజారులోని వర్తకుడు తానుగ వచ్చి దానిని చదివిపోవును.

చదువరులారా! ఈ సంచిక చేత బట్టుకొని పఠనమందిరమున కూర్చున్న మీలో నెవరి జేబులోనో, సంచిలోనో అట్టి వస్తువొకటి యీ క్షణముననే యున్నది. దాని యట్టపై వ్రాసిన యంకెను గుర్తు చేసికొనుడు. కాగితమును పెన్సిలును తీసికొని బ్యాటరీ శక్తిని గంటలచే భాగింపుడు. వచ్చిన సంఖ్యను ప్రక్కవానికి చూపుడు. పని అచ్చటనే యారంభమగును.